నల్లపూస పాలచెంబు

నేను ఒక సత్తు చెంబును. ఎవరెవరివో చిల్లులుపడ్డ గిన్నెలు కరిగి నేనయ్యాను. ఆదెమ్మ తిరనాళ్లలో నన్ను బేరమాడి కొని, వంటింట్లో మంచినీళ్ల బిందె మీద బోర్లించింది. చల్లని చోటు. ఇప్పటికీ నాకు కలలోకి వచ్చేది అదే.

ఆదెమ్మకు ఎంగిలి పట్టింపు. మనవరాలు నాంచారి మాత్రం నా అంచుకు పెదవులు ఆనించి గటగటా తాగేది.

“ఎత్తి పోసుకోవే. చెంబు ఎంగిలవుద్ది.”

“ఎత్తితే ముక్కులోకి పోతన్నయ్యి నాయనమ్మా.”

ఆ పెదవుల వెచ్చదనం కోసం బడి వదిలే వేళదాకా ఎదురుచూసేదాన్ని.

ఆ ఏడు వానల్లో వాళ్ల గేదె ఈని చచ్చిపోయింది. మిగిలిన పెయ్యదూడకు నల్లపూస అని పేరు పెట్టి, నాంచారే దానికి తల్లయింది. పక్కింటి గేదె పాలు నాలో తెచ్చి, వేళ్లు ముంచి దాని నోట్లో పెట్టేది. దూడ వేళ్లతో పాటే పాలు చీకేది. అడుగున మిగిలిన గుక్క నాంచారి తాగేది. తర్వాత నేను మళ్లీ బిందె మీదికి. మనుషుల ఎంగిలికి అంత పట్టింపున్న ఇంట్లో దూడ ఎంగిలిని ఎవరూ ఎంగిలనుకోలేదు.

దూడ నీళ్లలా పారుకోవడం మొదలుపెట్టింది. నాంచారి దాని తోక కడిగింది, తలను ఒళ్లో పెట్టుకు కూర్చుంది. కొన్నాళ్లకే తనకూ విరేచనాలు పట్టుకున్నాయి. ఆదెమ్మ దిష్టి తీసింది. పొయ్యిలో వేసిన మిరపకాయల ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చింది. పిల్ల కళ్లు లోతుకు పోయాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. తాగే నీళ్లతో నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఇది ఒకే కణంతో బతికే పరాన్నజీవి పని అంది. “ఇంట్లో దూడకీ ఇలాగే ఉందన్నారుగా. దాని పేడలోంచి చేతికి, చేతిలోంచి నోటికి. కంటికి కనపడదు.”

“అయితే ఆ దూడని ఇయ్యాలే ఎవరికో ఒకరికి తోలేస్తా,” అంది ఆదెమ్మ.

“దూడేం చేసిందమ్మా? దాని కడుపులోనూ అదే బాధ. పశువుల డాక్టరుకి చూపించండి.”

నాంచారి మంచం మీంచే నాయనమ్మ కొంగు పట్టుకుంది. “నల్లపూసని అమ్మొద్దు నాయనమ్మా. నేనొచ్చిందాకా ఉంచు.”

ఆదెమ్మ పిల్ల దగ్గర దాని తల్లిని ఉంచి, నన్ను పట్టుకుని ఇంటికొచ్చింది. పశువుల డాక్టరుని పిలిపించింది. ఆయన చెప్పినట్టే నాలో నీళ్లు పోసి ఉప్పూ పంచదారా కలిపి, కొట్టంలో దూడ ముందు చతికిలబడింది. అది తల ఎత్తలేకపోతోంది. దవడ పట్టుకుని కొద్దికొద్దిగా పోసింది.

“తాగవే, ముదనష్టపుదానా. నువ్వు పోతే అది కూడు ముట్టదు.”

దూడ మింగింది. ఆదెమ్మ ముక్కు చీదుకుని మళ్లీ పోసింది.

నాంచారి చిక్కి సగమై ఇంటికొచ్చేసరికి నల్లపూస పలుపు లాగుతూ నిలబడి ఉంది. పిల్ల అలవాటుగా వేళ్లు చాచింది. ఆగింది. నోటికి అందించకుండా వీపు నిమిరింది.

ఆదెమ్మ నన్ను మరుగునీళ్లలో ఉడికించింది. అయినా వంటింటి గడప దాటనివ్వలేదు. కొట్టం బయట గుంజకు వేలాడుతున్నాను, పక్కనే సబ్బు. దూడ దగ్గర్నుంచి వచ్చినప్పుడల్లా నాంచారి నాతో నీళ్లు పోసుకుని వేళ్ల సందుల దాకా రుద్దుకుంటుంది. నాకు దక్కింది ఆ చేతులే. చేతులు దులుపుకుంటూ లోపలికి పరిగెడుతుంది.

బిందె మీద ఇప్పుడు స్టీలు చెంబు ఉందట. గోడవతల నుంచి ఆదెమ్మ గొంతు వినిపిస్తుంది.

“ఎత్తి పోసుకోవే. చెంబు ఎంగిలవుద్ది.”

గటగటా తాగుతున్న చప్పుడు. గోడకు ఇవతల, నా అంచు మీద సబ్బునురగ ఆరిపోతుంటుంది.