మూడోసారి అడగాలి

జూలై రెండో ఆదివారం పొద్దున, ఉత్తర డకోటా పడమటి అంచున, మూడువందల మంది బిగుతు బట్టల్లో దూరి సైకిళ్ళెక్కారు. ఆరు రోజుల్లో నాలుగువందల పన్నెండు మైళ్ళు తొక్కి తూర్పున ఉన్న హాల్వర్ చేరుకుంటే జబ్బు పిల్లల ఆసుపత్రికి విరాళాలొస్తాయి. తొక్కే పని లేకుండా ఆ విరాళాలేవో నేరుగా ఆసుపత్రికే పంపితే ఏమవుతుందని ఒకాయన అడిగాడట. మరుసటి ఏడు ఆయన్ని పిలవలేదు.

ఆ మూడువందల మందిలో ఆర్లిస్ హౌగెన్ ఒకతె. అరవై మూడేళ్ళ మనిషి. హాల్వర్ బడి వంటింట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు వండిపెట్టి మే నెలలో రిటైరైంది. బడివాళ్ళు సన్మానం చేసి, బాగా ఆలోచించి, కానుకగా ఒక వంటింటి ఏప్రన్ ఇచ్చారు. ఆవిడ ఇంటికొచ్చి దాన్ని సొరుగులో కుక్కి, ఆ సాయంత్రమే ఈ యాత్రకు పేరు రాయించింది.

ప్రతి మైలూ తమ కాళ్ళతో తొక్కినవాళ్ళకు చివర్లో ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు. బొటనవేలి గోరంత ఉంటుంది. దాని మీద ‘మొత్తం దారి’ అని చెక్కి ఉంటుంది. అలిసిపోయినవాళ్ళను ఎక్కించుకోవడానికి వెనకాలే ఒక వ్యాను వస్తుంది, అందులో ఒక్కసారి కూర్చున్నా బిళ్ళ దక్కదు. ఆర్లిస్‌కు ఆ బిళ్ళ కావాలి. జన్మలో దేన్నీ ఇంతగా కోరుకున్నట్టు ఆవిడకు గుర్తులేదు. ఈ వయసులో ఈ పిచ్చేమిటని తన మీద తనకే కోపంగా కూడా ఉంది.

“బుధవారానికల్లా వ్యానెక్కుతావు,” అన్నాడు బయల్దేరే ముందు ఆవిడ మొగుడు ఓర్విల్.

“బుధవారం అని అందరికీ చెప్పావా ఏంటి?”

“అందరికీ ఎందుకు చెప్తాను. కెఫేలో ఉన్నవాళ్ళకి చెప్పా.”

“ఊరంతా కెఫేలోనే ఉంటుంది కదయ్యా.”

పడమర నుంచి తూర్పుకు దారి పెట్టుకున్నది గాలి వీపున ఉంటుందని. ఆ ఏడు గాలిని కమిటీ మీటింగుకు పిలవడం మర్చిపోయారో ఏమో, మొదటి రోజు నుంచీ ఎదురుగానే కొట్టింది. చెట్టన్నది లేని నేల. రెండు పక్కలా ఆవాల జాతి కనోలా చేలు పసుపుపచ్చగా పూసి ఉంటే, మధ్యలో తిన్నటి రోడ్డు మీద మూడువందల మంది నెత్తులు వంచుకుని, ఎవరో తిట్టినట్టు మొహాలు పెట్టుకుని తొక్కారు.

కమిటీ పెద్ద ప్రెస్టన్ కోయిల్ షికాగో మనిషి. రోజూ పొద్దున్నే మైకు పట్టుకుని నొప్పిని ప్రేమించమని బోధించేవాడు. పదకొండింటికల్లా వ్యానులో ముందు సీట్లో కనపడేవాడు. ఊరు అరమైలు ఉందనగా దిగి, సైకిలెక్కి, జనానికి చేతులూపుతూ వచ్చేవాడు. ఎవరైనా తేరిపార చూస్తే పర్యవేక్షణ అనేవాడు.

ఆర్లిస్‌కు నొప్పితో పెద్ద పేచీ లేదు, వచ్చిన చిక్కల్లా మర్యాదతోనే. హాల్వర్ వైపు ఎవరైనా కాఫీ పొయ్యమంటారా అంటే మొదటిసారి వద్దులెండి అనాలి. రెండోసారి మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగితే పుచ్చుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపేవాడు ఆబగాడు, మూడోసారీ కాదన్నవాడు పొగరుబోతు. పుట్టి పెరిగినవాళ్ళకు ఇది ఊపిరి పీల్చినంత సులువు. ఓర్విల్ పెళ్ళి చేసుకుందామన్నప్పుడు ఆర్లిస్ రెండుసార్లు వద్దంది. మూడోసారి అడగడానికి ఆయన పద్నాలుగు నెలలు తీసుకున్నాడు. ఆ పద్నాలుగు నెలలూ ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు.

యాత్రలో మంచినీళ్ళ టేబుళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళందరూ పట్నం పిల్లలు. “అరటిపండు కావాలా ఆంటీ?” అని అడిగారు. “వద్దులే అమ్మా,” అంది ఆర్లిస్. “ఓకే,” అని పండు వెనక్కి పెట్టేశారు. మొదటి రోజు డెబ్భై మైళ్ళూ అలాగే కడుపు మాడ్చుకుని తొక్కింది. రెండో రోజు నుంచి సంచిలో తన రొట్టె తను పెట్టుకుంది.

రైతులతో తిప్పలు ఇంకోలా ఉండేవి. ఆ వైపు రోడ్డు పక్కన మనిషి ఆగి ఉంటే పికప్ ఆపకుండా వెళ్ళడం పాపం. ఆవిడ నీళ్ళు తాగడానికి ఆగితే చాలు, ఎవరో ఒకరు ఆగి ఎక్కమనేవారు. రెండుసార్లు వద్దని, మూడోసారి వాళ్ళు నోరు తెరిచేలోపు గబగబా తొక్కుకుపోయేది. బుధవారం దాటింది, గురువారం దాటింది. కెఫేలో ఓర్విల్ కాఫీ తాగడం మానేశాడని తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం, హాల్వర్ ఇంక తొమ్మిది మైళ్ళుందనగా, ఎదురుగా ఓర్విల్ పికప్పే వచ్చింది.

“ఎక్కు,” అన్నాడు కిటికీలోంచి. “సైకిలు వెనకెయ్యి.”

“వద్దులే. దగ్గరకొచ్చేశాగా.”

“తొమ్మిది మైళ్ళు దగ్గరేమిటే? నీ మొహం చూసుకున్నావా? బీట్‌రూట్ దుంపలా ఉంది. నాలుగింటికి ఫోటో అట, అందరూ నువ్వేదని నన్నడుగుతున్నారు. ఎక్కు.”

“నీకెందుకు శ్రమ,” అని ఆర్లిస్ తొక్కడం మొదలుపెట్టింది.

నలభై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఆ ఎత్తు తెలియదా. బండి తిప్పుకుని ముందుకొచ్చి, రోడ్డుకు అడ్డంగా పెట్టి, అవతలి తలుపు తెరిచాడు. సీటు మీద మెత్త కూడా వేసుకొచ్చాడు పాపిష్టి మనిషి.

“చూడు, నేనేమీ అనను. కెఫేలో కూడా ఒక్క మాట అనను. ఎక్కవే.”

ఇది మూడోసారి. ఆ మెత్తను చూస్తే ఏడుపొచ్చింది.

“ఎక్కను,” అంది.

“ఏంటీ?”

“ఎక్కనంటే ఎక్కను. బండి తియ్యి.”

ఓర్విల్ మూడు వేళ్ళు చూపించాడు. “మూడోసారి అడిగాను నేను.”

“వినపడింది.”

ఆయన ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. గోధుమ చేలు తప్ప ఎవరూ లేరు. తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆర్లిస్ హాల్వర్ చేరి, విందు పెట్టిన చర్చి కింది హాల్లోకి వచ్చేసరికి ఐదూ పది. ఫోటో అయిపోయింది. అందరూ తింటున్నారు. ముప్ఫై బిళ్ళలు చేయిస్తే ఇరవై తొమ్మిది పంచేశారు. వాటిలో ఒకటి ప్రెస్టన్ ఛాతీ మీదే మెరుస్తోంది. మిగిలిన ఒక్కటీ పట్టుకుని ఆయన మైకు అందుకున్నాడు.

“ఇదిగో మన ఆఖరి వీరవనిత. రండి మేడమ్, ఇది మీది.”

ఆర్లిస్‌కు చెయ్యి చాపాలని ఉంది. కానీ నోరు తన అలవాటున తను పలికింది. “అయ్యో, నాకెందుకండీ. ఇంకెవరికైనా ఇవ్వండి.”

“తీసుకోండి, మొత్తం తొక్కారు కదా.”

“ఏదో నెమ్మదిగా తొక్కాను, అదీ ఒక తొక్కుడేనా.”

హాల్లోని హాల్వర్ జనమంతా ఫోర్కులు దించి మూడోమాట కోసం చూశారు. ప్రెస్టన్ చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. “చూశారా ఈ వినయం. పల్లె మనసులే వేరు,” అని, పక్కనున్న జనీన్ అనే ఆవిడ వైపు తిరిగాడు. యాత్రకు గుడారాలు విరాళమిచ్చిన పెద్దమనిషి భార్య. మోటారు బిగించిన సైకిలు మీద పదకొండు మైళ్ళు వచ్చింది. ప్రెస్టన్ నోరు తెరవకముందే థాంక్యూ అని బిళ్ళ తగిలించుకుంది. బయటి ఊళ్ళవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆర్లిస్ కూడా కొట్టింది. మర్యాద అంటే అంతే మరి.

నాలుగు చప్పట్లయ్యాక ఆవిడకు తన చేతులను చూస్తే ఒళ్ళు మండింది. కట్టుకున్నవాణ్ణి రోడ్డు మీద కాదన్న మనిషి, ఈ షికాగోవాడి ముందు చచ్చు చప్పట్లు కొడుతోంది. నేరుగా వాళ్ళ దగ్గరకు నడిచింది.

“అది నాది.”

“మీరే కదండీ వద్దన్నారు,” అన్నాడు ప్రెస్టన్.

“రెండుసార్లన్నాను. మీరు మూడోసారి అడగాలి.”

“అడగాలా?”

“ఇక్కడెవరైనా అడుగుతారు. మీకు తెలీదు కాబట్టి నేనే చెప్తున్నా. నాకది కావాలి. నాలుగువందల పన్నెండు మైళ్ళూ తొక్కాను. వ్యానులో మీ పక్క సీటు ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంది, నేను మాత్రం కూర్చోలేదు.”

నాకది కావాలి అనే మాట ఆ చర్చి కింద ఇంతవరకు ఎవరూ అనలేదు. పాస్టరు తన బూట్ల వంక చూసుకున్నాడు. జనీన్ ఎర్రబడి బిళ్ళ తీసి ఇచ్చింది, ఆర్లిస్ మొదటిసారికే పుచ్చుకుంది. ప్రెస్టన్ తన బిళ్ళ మీద చెయ్యి కప్పుకున్నాడు.

ఆవిడ వచ్చి ఓర్విల్ పక్కన కూర్చుని, చెమట చొక్కాకు బిళ్ళ గుచ్చుకుని, రుబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపి పై ముక్క తినసాగింది.

“ఊరంతా చూస్తోంది,” అన్నాడాయన ప్లేటులోకి చూస్తూ.

“మంచిదేగా. కెఫేలో నువ్వు చెప్పక్కర్లేదు.”

ఆవిడ ప్లేటు ఖాళీ అయింది.

“ఇంకో ముక్క తెమ్మంటావా?”

“తే.”

ఓర్విల్ కదల్లేదు. “తెమ్మంటావా?” అన్నాడు మళ్ళీ.

“తెమ్మన్నాగా.”

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, సగం లేచి, అక్కడే ఆగాడు. మూడోసారి కూడా అడిగాక గానీ వెళ్ళలేదు.