కడుపు మీద లేని కుట్టు

మధ్యాహ్నం రెండు దాటినా బిల్లుల గది ముందు జనం తగ్గలేదు. హేమావతి పొద్దున తెచ్చుకున్న అన్నం సంచిలోనే ఉంది. కర్నూల్లోని ఆ నర్సింగ్ హోమ్‌లో ఆమె పని, డాక్టర్లు రాసిన కేసు షీట్లు చదివి, ఏ జబ్బుకు ఏ కోడు, ఏ వైద్యానికి ఏ కోడు అని కంప్యూటర్లో ఎక్కించి, సర్కారు ఇచ్చే ఆరోగ్య కార్డు కింద బిల్లు పంపడం. నెలకు పన్నెండు వేలు. కోడుమూరులో తండ్రి మగ్గం మూలబడ్డాక ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

"హేమా, నేనమ్మా."

కిటికీ అవతల ఉరుకుందమ్మ. వాళ్ల వీధిలోనే మగ్గం నేసే మనిషి. హేమావతి తల్లి మంచాన పడ్డప్పుడు ఈ పిల్లకు జడలు వేసి బడికి పంపింది ఆమే. ఇప్పుడు మొహం సున్నం కొట్టినట్టుంది. గోడ పట్టుకుని నిలబడింది. హేమావతి లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"నెత్తురు నిలబడల్యా పాపా. ఇంగో ఆసుపత్రిలో సూపిచ్చుకుంటిమి. గర్భసంచిలో గడ్డ ఉండాది, తీసేయల్లనిరి. కార్డు పెడితే పంజెయ్యదంట. పోయినేడే నా గర్భసంచి ఈడ తీసేసినారని దాంట్లో రాసుండాదంట." ఉరుకుందమ్మ సిగ్గుగా నవ్వింది. "మత్తు సూదేసి, చెప్పకుండా తీసినారేమోనంటాడు మీ మామ. తీసేసుంటే గడ్డ యాడ పుడతాదమ్మా? సదువుకున్నదానివి, ఒగసారి సూసి చెప్పు."

తనను నమ్మరేమోనని చీర కాస్త కిందికి జరిపి పొట్ట చూపించింది. కుట్టు లేదు, గాటు లేదు.

హేమావతి తల తిప్పుకుంది. చూడటానికేముంది? పోయినేడు ఉరుకుందమ్మ కడుపునొప్పని వచ్చి, సెలైన్ ఎక్కించుకుని, తన సంచి తానే మోసుకుంటూ పోయింది. బస్సెక్కించింది హేమావతే. ఆ సాయంత్రం మేనేజర్ రంగనాథ్ తెచ్చిన కేసు షీట్లో గర్భసంచి ఆపరేషన్ అని ఉంది. జరగలేదు కదా సార్ అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. సర్కారు సొమ్మే కదా, బీదోళ్లకు పోయేదేముందిలే అనుకుంది. కోడు ఎక్కించింది. ఆ రాత్రి అన్నం కూడా మామూలుగానే తిన్నది.

సంగతి ఎవరు చెప్పారో, రంగనాథ్ వచ్చి ఆమెను తలుపు దగ్గరికి పిలిచాడు.

"ఆమెను పంపొద్దు. ఈడే చేర్చుకుందాం. పోయినసారి ఆపరేషన్లో కొంత మిగిలిపోయింది, అది ఇప్పుడు తీస్తాండామని వేరే కోడు పెట్టు. ఆమెకూ పనైతాది, మనకూ బాధుండదు."

"పాతది తప్పని రాసి రద్దు చేద్దాం సార్. అప్పుడు ఆమె కార్డు ఎక్కడైనా పనిచేస్తుంది."

"రాస్తే విచారణకొస్తారు. ఎక్కించిందెవరు? నీ పేరు మీదే ఉండాది, సూసుకో."

సరే అంటే ఉరుకుందమ్మకు రేపే ఆపరేషన్ అయిపోతుంది. తన ఉద్యోగమూ నిలుస్తుంది. కానీ అబద్ధం మీద ఇంకో అబద్ధం. ఇక ఏ కాగితంలో చూసినా ఈమె ఒళ్లు ఈమెది కాదు.

"నేను ఎక్కించను సార్."

"ఏమంటాండావు?"

"ఎక్కించను. పోయినేడు ఎక్కించింది తప్పని నా పేరు మీదే రాసిస్తా."

మాట గట్టిగానే వచ్చింది. కిటికీ దగ్గరున్న జనం తొంగి చూశారు. రంగనాథ్ విసురుగా డాక్టర్ గదిలోకి వెళ్లాడు.

హేమావతి వెనక్కి తిరిగింది. ఉరుకుందమ్మ అంతా విన్నది. చీర పైకి లాక్కుని, పరాయి మనిషి ముందు కూర్చున్నట్టు రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

"నీకు తెలుసునా పాపా?"

"తెలుసత్తా."

"మల్ల, ఇంతసేపూ నాతో చెప్పిస్తివే."

డాక్టర్ గదిలోంచి ఆమెను పిలుస్తూ బెల్లు మోగింది. మళ్లీ మోగింది.

ఉరుకుందమ్మ లేవబోయింది. హేమావతి చెయ్యి అందించింది. ఉరుకుందమ్మ ఆ చేతిని తోసెయ్యలేదు. పట్టుకోనూ లేదు. గోడ పట్టుకుని లేచింది.