పంక్తి లేచేదాకా

గురునాథం మర్యాదను ఊరంతా మెచ్చుకునేది. పెద్దవాళ్లు ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు, నలుగురిలో గొంతు పెంచేవాడు కాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దిరా, వీణ్ణి చూసి నేర్చుకోండి" అని పెద్దలు చెప్పేవాళ్లు. తమ పిల్లలకు కాదు, మిగతా కూలీలకు. వాళ్లలో నేనూ ఉండేవాణ్ణి, నాకు అప్పుడే ఒళ్లు మండేది.

ఎనభై ఏడులో పత్తికి తెల్లదోమ పట్టింది. శ్రీనివాసరావుగారి చేలో గురునాథం మందు కొడుతుంటే, భార్య మల్లమ్మ డ్రమ్ములో మందు కలిపి అందించేది. ఒక మధ్యాహ్నం ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. వాంతులయ్యాయి, నోటివెంట చొంగ ఆగలేదు. పక్క సాలులో ఉన్న ఆమె తల్లి దుర్గమ్మ పరిగెత్తుకొచ్చి కూతుర్ని ఒళ్లో వేసుకుంది.

"అయ్యగారి జీపు తీసుకురా నాయనా. నరసరావుపేట ఆసుపత్రికి పోవాల. పిల్ల దక్కేట్టు లేదు, ఉరుకు!"

గురునాథం పడుతూ లేస్తూ ఉరికాడు. అయ్యగారి వాకిట్లోకి వచ్చి ఆగిపోయాడు.

వసారాలో కొత్త వియ్యాలవారు పంక్తిలో కూర్చున్నారు. మధ్యలో శ్రీనివాసరావు. అప్పుడే నెయ్యి వడ్డిస్తున్నారు. తినేవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపడం పాపమని గురునాథానికి ఊహ తెలిసినప్పటినుంచీ చెప్పారు. పైగా శుభం మాట్లాడుకునే చోట ఇలాంటి కబురా? శ్రీనివాసరావు భార్య ప్రభావతమ్మ అతన్ని చూసి, "ఏందిరా, అట్టా రొప్పుతున్నావ్?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. అయ్యగార్ని తిననీండి."

ఏం లేదట! అడగందే అమ్మైనా పెట్టదంటారు, అమ్మగారు అడిగినా వీడు నోరు తెరవలేదు. పప్పు అయింది, పులుసు అయితే ఇక మజ్జిగే గదా అనుకున్నాడు. పులుసు తర్వాత బూరెలు వచ్చాయి. వియ్యపురాలు వద్దంటే ప్రభావతమ్మ బతిమాలి ఇంకొకటి వేసింది. గురునాథం గుంజ పట్టుకుని, గొంతుదాకా వచ్చిన కేకను మింగుతూ నిలబడ్డాడు.

శ్రీనివాసరావు చెయ్యి కడుక్కుంటుంటే అప్పుడు చెప్పాడు. ఆయన చెంబు విసిరేసి, చెప్పులు కూడా వేసుకోకుండా జీపెక్కాడు. అంత మంచివాడు. నన్ను ఇప్పటికీ కాల్చేది ఆ సంగతే.

ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదన్నాడు. దుర్గమ్మ నేలమీద కూలబడింది. శ్రీనివాసరావు గురునాథం భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

"ఒరేయ్, ఒక్క కేక వెయ్యకపోయావా! ఎంగిలి చేత్తోనే వచ్చేవాణ్ణి గదరా!"

గురునాథం ఆయన మొహంలోకి చూశాడు.

"అయ్యా! లెగండయ్యా! నా మల్లమ్మ చచ్చిపోతంది, లెగండి!"

ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని లెమ్మని మళ్లీ మళ్లీ అరిచాడు. వరండాలో రోగులందరూ లేచి కూర్చున్నారు. కాంపౌండరు విసురుగా వచ్చాడు.

"ఎవడ్రా అది? ఆసుపత్రిలో ఏందా అరుపులు? మర్యాద తెలీదా?"

గురునాథం చప్పున ఆగిపోయాడు. రెండు చేతులూ జోడించి, "తప్పయింది బాబూ" అన్నాడు.

దుర్గమ్మ నేలమీద పాక్కుంటూ వచ్చి అల్లుడి కాళ్లు పట్టుకుంది. "కేకెయ్యి నాయనా, నీకు దణ్ణం పెడతా, కేకెయ్యి" అని బతిమాలింది. అతనికి ఇక గొంతు రాలేదు.