ఏ సబీనో?

కమాను పక్క గోడమీద అంటించిన చావు కబురు ఇంకా తడారలేదు. నల్ల అంచు కాగితం మీద పెద్ద అక్షరాలతో "సబీనో కొలయాన్ని, డెబ్భై ఒకటో ఏట" అని చదివి, అర్కాంజెలా చేతిసంచీ కింద పెట్టేసింది.

సబీనో కొలయాన్ని ఆమె అన్న. అయితే బారీ ఊరి పాతపేటలో ఆ పేరుగలవాళ్ళు ఇంకో నలుగురున్నారు. తాత పేరు సబీనో. ఆయన కొడుకులు ఐదుగురూ పితృభక్తికొద్దీ తమ పెద్దకొడుకులకి ఆ పేరే పెట్టారు. భక్తి బాగానే ఉంది, పోస్టుమాన్ ప్రాణానికి వచ్చింది. చివరికి పేట జనమే పూనుకుని పీత సబీనో, కుంటి సబీనో అంటూ తలో బిరుదూ తగిలించారు. అర్కాంజెలా అన్న మూగ సబీనో, ఎప్పుడూ నోరు మూయడు గనక. చావు కబురులో ఆ బిరుదు కూడా వేయడం ఆనవాయితీ. ఈ కాగితం మీద వేయలేదు. డెబ్భై ఒకటి అంటే ఇద్దరే, మూగా పీతా. ఒకే ఏడు పుట్టారు.

అడిగితే తేలిపోతుంది. కాని ఏమని అడగాలి? సొంత అన్న ఉన్నాడో పోయాడో తెలియని చెల్లెలని పేటంతా చెప్పుకోదూ? నాలుగేళ్ళ కిందట ఆమె కొడుకు పెళ్ళివిందులో అన్న అందరిలో లేచి, "ఈ ఆక్టోపస్ చెప్పు అట్టలా ఉందే" అన్నాడు. "అయితే కాళ్ళకి తొడుక్కుని నడువు" అంది ఆమె. అలా నడిచినవాడు మళ్ళీ ఆమె గుమ్మం తొక్కలేదు. పెద్దరోడ్డుకి అవతల కొత్తపేటలో ఉండే ఆమె, పాస్తా కోసం ఇటొచ్చినా అన్న సందు తప్పించుకునే పోయేది.

పాస్తా అమ్మే పోర్జియా తన గుమ్మంలో బల్ల వేసుకుని, పిండిముక్కల్ని కత్తితో లాగి బొటనవేలిమీద తిరగేసి చెవుల్లాంటి పాస్తా చేస్తోంది. అర్కాంజెలాని చూడగానే చెయ్యి ఆపింది. పోర్జియా చెయ్యి ఆగిందంటే విషయం పెద్దదే.

"అయ్యో తల్లీ! మీ అన్న ఎంత పని చేశాడే!"

సొంత అన్నా అన్నే, పెదనాన్న కొడుకూ అన్నే.

"అవును పిన్నీ," అంది అర్కాంజెలా ఆచితూచి. "ఉన్నట్టుండి జరిగిందా?"

"ఉన్నట్టుండే. నిన్న సుష్టుగా తిని పడుకున్నాడు. తిండిపుష్టి గలవాడు కదా."

ఇద్దరూ గలవాళ్ళే.

"నోరు కాస్త దురుసనుకో. పోయినవాణ్ణి అనకూడదు గానీ."

ఆ వంశంలో దురుసు కానిదెవరు?

"వదిన ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, ఏడుస్తోంది. నువ్వింకా ఇక్కడ నిలబడ్డావేం? వెళ్ళు!"

వెళ్ళడానికి రెండిళ్ళున్నాయి. ఏ ఇంటికీ కాళ్ళు సాగక పేటంతా తిరిగింది. పెద్దచర్చి వెనక, కోట పక్క, చేపల రేవు దాకా. రేవులో అన్న పడవ కట్టేసి ఉంది. గాలి జోరుగా ఉంది, పడవలన్నీ కట్టేసే ఉన్నాయి. దారిపొడుగునా ఆడవాళ్ళు బుగ్గ నిమిరి "పాపం సబీనో" అన్నారే తప్ప, ఏ సబీనో ఒక్కరూ అనలేదు. పోయినవాణ్ణి ఎగతాళి పేరుతో పిలవకూడదని పేట మొత్తానికీ ఆవేళే మర్యాద పుట్టుకొచ్చింది.

మధ్యాహ్నానికి ఆమెకో దారి దొరికింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి పంపుతారు. పోర్జియా కోడలు మూతపెట్టిన పెద్ద గిన్నె మోసుకుంటూ పోతోంది. అర్కాంజెలా దూరంగా వెంటపడింది. చిన్నచర్చి దగ్గర సందు చీలుతుంది. కుడికి వెళితే పీత ఇల్లు, ఎడమకి వెళితే మూగ ఇల్లు.

గిన్నె ఎడమకి తిరిగింది.

అర్కాంజెలా చర్చి మెట్టుమీద కూలబడింది. ఆ మాట తను అనకపోతే ఏం పోయేది? చెప్పు అట్టే కదా, అట్టే అని ఒప్పుకుని నవ్వేస్తే అయిపోయేది.

"ఎవరే దీనికి ఉప్పు తగ్గించింది?" సందులోంచి గొంతు. "పోయినవాడికి రక్తపోటు సరే, తినేవాళ్ళకేం రోగం? మోయలేకే కదా నన్ను పిలవడానికొచ్చావు, ఇటియ్యి, నే మోస్తా. నీ నడకకి అంత్యక్రియలు కూడా అయిపోతాయి."

గిన్నె నడుముకి ఆనించుకుని, మూతి తుడుచుకుంటూ, నల్లకోటులో మూగ సబీనో వచ్చాడు. మెట్టుమీద చెల్లెల్ని చూసి ఆగాడు.

"ఏమిటే ఆ ఏడుపు? పీతగాడి కోసమా? చిన్నప్పుడు నీ జడకి తారు పూసింది వాడేగా!"

"వాడికోసమే. నీకోసమనుకున్నావా?"

ఆయన ఏదో అనబోయి, గోడమీది కాగితం గుర్తొచ్చి ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక మాట ఆపుకోవడం అదే మొదలేమో.

"నేనే అనుకున్నావా?" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరైనా అనుకుంటారు. పేరు సరిగా వేయొద్దూ?"

"ఎంతసేపయింది నువ్వొచ్చి?"

"పొద్దున్న."

"పొద్దున్ననుంచీ చచ్చే ఉన్నానా!" ఆయన మొహం వెలిగిపోయింది. "లే, ఆ పక్క చెవి పట్టు. బరువుగా ఉంది."

ఇద్దరూ గిన్నె చెరోపక్కా పట్టుకుని పీత ఇంటికి వెళ్ళారు. అక్కడ అర్కాంజెలాకి నవ్వొచ్చేలా ఉంది, ఎంత బిగబట్టినా పెదవులు మాట వినడంలేదు. ఇంతలో పీత భార్య వితూచా వదిన కావలించుకుని, "ఆ పీత పేరు గోడకెక్కిస్తే లేచొస్తానన్నాడే! అందుకే వేయించలేదు" అంది. అంతే, పొద్దున్ననుంచీ దాచుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. అర్కాంజెలా భోరుమంది.

వదిన తన ఏడుపు మాని ఆమె వీపు నిమరడం మొదలుపెట్టింది. "చూశారా, సొంత చెల్లెలు కూడా ఇంతలా ఏడవదు."

"ఏడవదు," అన్నాడు మూగ సబీనో, ఎంతో గంభీరంగా.

అర్కాంజెలా ఇంకా గట్టిగా ఏడ్చింది. హాయిగా ఉంది.