బోర్లాపడిన నాలుగు గవ్వలు

నేను ఒక గవ్వను. వచ్చే ఆదివారం విశాఖలో జరిగే ఆటల పండగలో తమ ఆటకీ ఒక బల్ల ఇచ్చారన్న కబురు భార్గవ్ ఫోనుకి వచ్చినప్పుడు, నేను అతని భార్య వకుళ సారె పెట్టెలో, గుడ్డసంచిలో ఉన్నాను. పెళ్లై నెల తిరగని ఆ ఇద్దరూ వంటింట్లోనే గంతులేశారు. స్టవ్ మీద పాలు పొంగాయి. గట్టు తుడుస్తూ కూడా నవ్వుకున్నారు.

ఆ ఆటలో ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు అందులో యోధులై తిరుగుతారు. కథ భార్గవ్ సొంతంగా అల్లింది. పోరాటాల నియమాలు మాత్రం ఒక విదేశీ ఆటవి. వాటికి ఇరవై ముఖాల పాచిక కావాలి. కొత్తగా ఆడేవాళ్లు దాన్ని చూసి బెదురుతారని, బదులు గవ్వలు పెడదామనుకున్నాడు. అలా నేనూ నా తోటి ముగ్గురూ సంచిలోంచి బయటికొచ్చాం.

నా పుట్టుక గొప్పదేం కాదు. సముద్రంలో ఓ చిన్న ప్రాణి నన్ను ఇల్లుగా కట్టుకుని, ఖాళీ చేసి పోయింది. భీమిలి ఒడ్డున దండలమ్మే ఆవిడ దగ్గర నన్ను కొన్నది వకుళ మేనత్త పైడమ్మ. అనకాపల్లిలో వాళ్లింటి గచ్చు మీద సుద్దతో గళ్లు గీసి, వేసవి మధ్యాహ్నాలన్నీ మాతో అష్టాచమ్మా ఆడేవారు. నలుగురం వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. నలుగురం బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. పైగా మరో పందెం. బోర్లా పడి మెప్పు పొందే భాగ్యం మాకు తప్ప ఇంకెవరికుందని మురిసిపోయేదాన్ని.

భార్గవ్ గవ్వలడిగాడు గానీ వాటితో ఎలా ఆడతారో అడగలేదు. చదువుకున్నవాడు కదా, తెలుసనుకున్నాడు. వెల్లకిలా పడ్డ ప్రతి గవ్వకీ శత్రువుకి ఒక దెబ్బ. అన్నీ బోర్లా పడితే కత్తి జారి తనకే తగిలి యోధుడు చస్తాడు. ఇదీ అతని కొత్త నియమం. దాన్ని స్నేహితుడికి ఫోన్లో చెప్పాడు గానీ, వకుళకి పందెం వేసేటప్పుడు చెబుదామనుకుని మరిచిపోయాడు.

శనివారం సాయంత్రం ఆ స్నేహితుడు జయంత్ వస్తే ముగ్గురూ కలిసి ఆడి చూశారు. వకుళ తన యోధురాలి బొమ్మకి మేనత్త పేరే పెట్టుకుంది. జయంత్ యోధుడు అప్పటికే శత్రువు దెబ్బకి పడిపోయాడు. గుహలో రాక్షసుడికి ఇంకా ఎనిమిది దెబ్బలు తగలాలి. వకుళ విసిరింది. మేం నలుగురం బోర్లా పడ్డాం.

"అష్ట" అని లేచి నిలబడింది. మరో పందెం వెయ్యడానికి మమ్మల్ని ఏరుకుంటోంది.

"చచ్చిపోయి కూడా ఆడతారేటి వదినా?" అన్నాడు జయంత్. "తొండి మా దగ్గర కుదరదు."

భార్గవ్ నవ్వి, పైడమ్మ బొమ్మని బల్ల మీద పడుకోబెట్టాడు.

వకుళ పిడికిట్లో నాకు చెమట తగిలింది. టీ పెడతానని మమ్మల్ని పట్టుకునే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇన్నేళ్లు చప్పట్లు కొట్టించుకున్న నా వీపే ఈవేళ ఆమెని కొత్తమనిషి ముందు తొండిదాన్ని చేసింది. ఇప్పుడైనా వెల్లకిలా తిరుగుదామని చూశాను. గవ్వకి ఆ శక్తి ఎక్కడిది?

జయంత్ వెళ్లాక ఆమె మెల్లిగా అంది: "రేపు నేను రానండీ. మా ఇంట్లో అష్ట పడితే వీధికి వినిపించేలా అరిచేవాళ్లం. జయంత్ నవ్వితే పర్లేదు. మీరూ నవ్వారు."

 అతను వంటింటి నేల మీద కూర్చుని, "ఒక ఆట నేర్పు" అన్నాడు. ఆమె గళ్లు గీసింది. చాలాసేపు ఓడిపోతూనే ఉన్నాడు. అతని కాయలన్నీ చచ్చి, చమ్మో అష్టో పడితే తప్ప ఒక్కటీ లేచే దారి లేనప్పుడు మేం నలుగురం బోర్లా పడ్డాం. అష్ట అని అతనే ముందు అరిచాడు. వెంటనే మొహం ఎర్రబడింది. ఓడిపోయేవాడిని లేపి నిలబెట్టే పందేన్ని తను చావు చేశాడు. పైగా సాయంత్రం నవ్వాడు కూడా.

నా సిగ్గు ఇంకా పోలేదు. అయినా ఒకరు తోడు దొరికారు.

భార్గవ్ ఫోన్ తీశాడు. "జయంత్, నియమం మారింది. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది దెబ్బలు, మళ్లీ పందెం. పైడమ్మ చావలేదు. రేపు పదింటికల్లా బల్ల దగ్గరుండు. నేను వకుళకి తప్పయిందని అందరి ముందూ చెప్పాకే ఆట మొదలు. మొదటి పందెం తనది."