ఫిర్యాదులు లేవు

ఆమె వరసలోని చివరి లాప్‌టాప్ మూత తెరిచి, తెర వెలిగేదాకా ఊపిరి బిగబట్టింది. వెలిగింది. మూత వేసి, కాసేపాగి మళ్ళీ తెరిచింది. మళ్ళీ వెలిగింది.

లిఫ్టు వెనక, కిటికీ లేని గది అది. గోడ పొడుగునా చెక్కబల్ల; దాని మీద సంస్థలో వాడే ప్రతి రకం లాప్‌టాప్ ఒక్కొక్కటి; ప్రతిదానికీ నిత్యం తగిలించి ఉండే ఛార్జరు. మంచం పట్టినవారి ఇళ్ళకు నర్సులను పంపే సంస్థ. ఏ రోగికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది నర్సు చేతిలోని లాప్‌టాప్ చెప్పాలి. వాటికి వచ్చే ప్రతి అప్‌డేట్‌నూ ఈ బల్ల మీద పరీక్షించి, తరవాత ఆఫీసులో కొద్దిమందికి పంపి, వారి నుంచి చెడు కబురు రాకపోతే అందరికీ వదలడం ఆమె ఉద్యోగం. ఈ సాయంత్రం వదలాలి. రేపు ఒక రోగి మంచం పక్కన మూత తెరిచిన నర్సుకు తెర నల్లగా కనిపిస్తే ఆ తప్పు ఆమెది. వెలిగితే, ఆ గొప్ప ఎవరిదీ కాదు.

ఆ కొద్దిమందిని ఎంచుకోవడంలో ఆమెకొక పద్ధతి ఉంది. మేనేజరు ఎప్పుడూ మంచివారి పేర్లు ఇచ్చేవాడు, అంటే ఏది పంపినా ‘బాగుంది’ అనేవారివి. ఆమె వాటిని పక్కన పెట్టి, సణిగేవారిని ఏరుకునేది. వారిలో అగ్రగణ్యురాలు నర్సులకు రోజువారీ ఇళ్ళు కేటాయించే గుమాస్తా. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పనిచేసే ఆవిడకు ఆఫీసంతా రుసరుసమ్మ అని పేరు పెట్టింది. ఏ అప్‌డేట్ ఎక్కినా మర్నాడు కాఫీ చల్లారేలోగా ఆవిడ ఫోను వచ్చేది.

“ఏమ్మా, నా డబ్బాకి మళ్ళీ కొత్త వేషం కట్టారా? అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. పని వాటికే చెప్పుకోమంటావా?”

అందరూ నవ్విన ఆ చీమల మాట వల్లే, నర్సుల్లో సగంమంది మోతాదు అంకెలను కళ్ళు చికిలించి చదువుతున్నారని బయటపడింది. వారిలో ఒక్కరూ అంతకుముందు నోరు విప్పలేదు.

ఈరోజు ఫోను మోగలేదు.

ఆమె ముందున్న తెర మీద ఎంపికైన వారందరి పేర్ల పక్కనా ఆకుపచ్చ చుక్కలు ఉన్నాయి. రుసరుసమ్మ పేరు పక్కన కూడా ఉంది. తెల్లవారకముందే అప్‌డేట్ సవ్యంగా ఎక్కిందని దాని అర్థం. చుక్కకు యంత్రం క్షేమమే తెలుసు.

మేనేజరు తలుపు సందులోంచి తొంగిచూశాడు. “అన్నీ పచ్చగా ఉన్నాయిగా మేడమ్, ఇంకేంటి? రుసరుసమ్మే నోరు మూసుకుందంటే ఈ అప్‌డేట్‌కి సన్మానం చెయ్యాలి.”

“అందుకే భయంగా ఉందండీ.”

“మీకు తిట్లు తినందే పొద్దు గడవదేమో. పైవాళ్ళకి ఈరోజని మాటిచ్చాను. మీ కాంట్రాక్టు కాగితం కూడా వాళ్ళ బల్ల మీదే ఉంది, మర్చిపోకండి.” అతడు నవ్వాడు. బెదిరింపును నవ్వుతో చుట్టి ఇవ్వడం అతడి తరం నేర్చిన మర్యాద.

ఆమె మరచిపోలేదు. ఏటేటా పొడిగించే ఆ కాగితం మీదే ఆమె నడివయసంతా గడిచింది. తరవాత చేరినవారు ఒక్కొక్కరే పర్మనెంటయ్యారు. చిన్నప్పుడు ఇంట్లో ఒకటే మంచం ఖాళీగా ఉంటే చెల్లెలికిచ్చి, “పెద్దది సర్దుకుపోతుందిలే” అంది అమ్మ. మరో ఊళ్ళో మరో సంసారం పెట్టుకున్న భర్త కూడా వెళ్ళేటప్పుడు బంధువులతో ఆ మాటే అన్నాడు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో, బట్టలు ఆరేసే వరండాను అద్దాలతో మూసిన గదిలో ఉంటోంది. సర్దుకుపోవడాన్ని సుగుణంగా మెచ్చుకునేవారు దాని ఖరీదు ఏనాడూ చెల్లించినవారు కారు. తన కోసం నోరెత్తడం రాని ఆ మనిషి, నోరున్నవారిని వెతికి దగ్గర పెట్టుకుంది.

మధ్యాహ్నం తానే రుసరుసమ్మకు ఫోను చేసింది. ఎవరూ తీయలేదు. అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూత పెట్టేసింది.

మేనేజరు మళ్ళీ వచ్చి, ఈసారి లోపలికే వచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. “నొక్కండి మేడమ్.” ఆమె వేలు మౌసు మీదికి వెళ్ళింది. అప్పుడు ఫోను మోగింది. రుసరుసమ్మ నంబరు. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

“ఏంటక్కా, ఇవాళ తిట్లు ఇంత ఆలస్యం?”

“నేను తమ్ముణ్ణమ్మా,” అంది మగగొంతు. “అక్క లేదు. రాత్రి నిద్రలోనే పోయింది. మీ ఆఫీసుకి పొద్దున్నే చెప్పానే!”

చెప్పాడు. సిబ్బంది విభాగం ఆవిడకు ఆ పూట సెలవు వేసి ఊరుకుంది.

ఆమె మౌసు మీది వేలు తీసేసింది. తమ్ముడు తడబడుతూ అన్నాడు: “ఇలాంటప్పుడు అడగకూడదు గానీ… పేపర్లో వేయించడానికి అక్క ఫోటో కావాలి. ఉన్నవన్నీ ఆ లాప్‌టాప్‌లోనే. రాత్రంతా ఛార్జింగులో ఉంది. ప్లగ్గు పీకి, మూతేసి ముందుగదిలోకి తెచ్చాను. ఇప్పుడు తెరిస్తే అంతా నలుపే. లోపల గుర్రుమని తిరుగుతోంది, తెర మాత్రం రావట్లేదు. అక్కుంటే ఈపాటికి మిమ్మల్ని కడిగేసేది.”

ఆమె లేచి, బల్ల మీద మొదటి లాప్‌టాప్‌కు ఛార్జరు పీకింది. మూత వేసింది. ఆగింది. తెరిచింది. తెర వెలగలేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఈ గదిలో మూతలన్నీ ఛార్జరు తగిలించి ఉండగానే మూసి చూసింది తాను. ఆఫీసులో ఎంపికైన మిగతావారివీ రోజంతా బల్లల దగ్గర తగిలించే ఉంటాయి. నర్సులేమో ఒక ఇంట్లో మూత వేసి, మరో ఇంట్లో తెరుస్తారు. దారిలో వారికి కరెంటెక్కడిది?

“తప్పు నాదే,” అంది. “కానీ దీన్ని వదలను.”

“రేపు సరిచేసి ఇంకోటి పంపుదాం. ఇవాళ్టికి నొక్కెయ్యండి.”

“నల్లబడ్డదానికి రేపటిది ఎలా ఎక్కుతుందండీ?”

“ఫిర్యాదు చేసిందెవరు? పోయినావిడా? ఆవిడ పేరు మీద నేను పైకేమని రాయను?” అతడి మొహం ఎర్రబడింది.

“నా పేరు రాయండి.”

అతడు ఆమెను తేరిపార చూశాడు. “కాంట్రాక్టు సంగతి ఇక నా చేతుల్లో ఉండదు.”

“ఏనాడూ లేదుగా,” అని ఆమె అప్‌డేట్‌ను రద్దు చేసింది.

సాయంత్రం చెల్లెలి ఇంటికి పోకుండా రుసరుసమ్మ ఇంటికి వెళ్ళింది. తమ్ముడు చూపిన కుర్చీలో కూర్చుని, పవర్ బటన్‌ను చాలాసేపు నొక్కిపట్టి, యంత్రాన్ని మళ్ళీ లేపింది. ఇద్దరూ కలిసి ఒక ఫోటో ఎంచుకున్నారు. అందులో కూడా ఆవిడ ఎవరినో కసురుతోంది. ఇంకొకటి వెతుకుదామని అతడు అనలేదు.

“ఇది ఆఫీసుదేగా, పట్టుకెళ్ళండమ్మా,” అన్నాడు.

మర్నాడు ఆమె దాన్ని పరీక్షగదిలో, వరస చివర, ఛార్జరు తగిలించకుండా పెట్టి మూత తెరిచింది. తెర పైఅంచున, కెమెరా కంటికి అడ్డంగా రుసరుసమ్మ అంటించుకున్న చిన్న ప్లాస్టర్ ముక్క, అంచులు మాసిపోయి, కాస్త వంకరగా, ఇంకా గట్టిగానే అతుక్కుని ఉంది.