అద్దకం గుడ్డ కట్టిన సూట్‌కేసు

వెంకటస్వామి వ్యాను వెనక తలుపు తీసి, నాలుగో సూట్‌కేసును మోకాలితో లోపలికి నెట్టాడు. నిన్న హైదరాబాదులో విమానం రద్దయింది. ప్రయాణికుల్ని వేరే విమానాల్లో సర్దారు. తొందరున్నవాళ్లు కార్లెక్కి ఊళ్లకు చేరారు. సామాను మాత్రం ఇవాళ పొద్దున గన్నవరంలో దిగింది. అలా వెనకబడ్డ సామాను ఇళ్లకు చేర్చడమే అతని పని.

అరవై రెండేళ్ల బక్కపలచని మనిషి. నలభై ఏళ్లు పెడనలో కలంకారీ అద్దకం చేశాడు, గోళ్ల అంచుల్లో ఎరుపు ఇంకా వదల్లేదు. షెడ్డు మూతపడ్డాక స్టీరింగు పట్టాడు. భార్య అనసూయ పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. రోజు మొత్తం మీద అతను మనుషులతో మాట్లాడేది "ఇక్కడ సంతకం పెట్టండి" అన్న ముక్కే. మిగతా కబుర్లన్నీ చీటీల మీది పేర్లతోనే.

"నాగాయలంక బ్యాగు అర్జెంటండీ స్వామిగారూ" అన్నాడు కౌంటరులోని జయకృష్ణ. "వినీల అని, ఆవిడ తల్లి పోయారు. ఆమెకి కట్టాల్సిన తెల్లచీర అందులోనే ఉందంట. మూడింటికి భూస్థాపన. నల్ల సూట్‌కేసు, కలంకారీ గుడ్డ కట్టుంటదంట. నెంబరు కూడా చూసుకోండి."

"గుడ్డ ఉండగా నెంబరెందుకయ్యా."

ఒక నల్ల సూట్‌కేసు పిడికి కట్టిన మామిడిపిందెల పేలిక అతను అద్దిందే. ఒక పిందెకు తొడిమ లేదు, అద్దే చెక్క దిమ్మ ఆ చోట విరిగింది మరి. తన చేతిపని విమానమెక్కి తిరిగొచ్చిందని ముసలాయన పొంగిపోయాడు. ఆ పొంగులో, వ్యానులో ఉన్న రెండో నల్ల సూట్‌కేసును నెంబరు చూడకుండానే బందరులో భుజంగరావుగారింటి దగ్గర దించేశాడు. ఆయన గేటులోంచే అందుకుని తలుపేసుకున్నాడు.

నాగాయలంక చేరేసరికి పన్నెండున్నర. షామియానా కింద జనం పాటలు పాడుతున్నారు. వినీల వరండాలో కూర్చుని సూట్‌కేసు తెరిచింది. మగవాళ్ల చొక్కాలు.

"ఇది నాది కాదండీ" అంది నెమ్మదిగా.

అప్పుడు చూశాడు నెంబరు. పెడన చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా అద్దకంలో మిగిలిన పేలికలే. సామాను గుర్తుకు అందరూ కట్టేది అవే. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? బందరులో దించిన దాని పక్క పిడికీ ఒకటి ఉండే ఉంటుంది. అతను తిప్పి చూడలేదు.

"తప్పు నాదేనమ్మా. ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా తెస్తాను."

"పాస్టరుగారిని కాసేపు ఆగమంటానండీ."

అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి. క్యారేజీ పక్క సీట్లో మూత తియ్యకుండానే ఉంది. బందరులో ఇంటికి తాళం. భుజంగరావు ఫోనెత్తలేదు. గేటు పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. ఆయన వచ్చి, విషయం విని, సూట్‌కేసు మార్చి ఇచ్చాడు. పక్క పిడికి అదే మామిడిపిందెల గుడ్డ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది అతని పని.

నాలుగున్నరకు నాగాయలంక చేరేసరికి జనం శ్మశానం నుంచి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు.

"ఎండకి ఇంక ఉంచకూడదన్నారండీ" అంది వినీల. "పక్కింటి సాలమ్మగారి చీర కట్టి పంపాం." సూట్‌కేసు తీసుకుని గోడవారగా పెట్టింది. తెరవలేదు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

"పొద్దుట్నించి తిరుగుతున్నారు. ఏం తిన్నట్టు లేరు. కూర్చో బాబాయ్, ఒక ముద్ద తిని వెళ్దువుగాని."

బాబాయ్. అతన్ని ఎవరైనా అలా పిలిచి ఎన్నేళ్లయిందో. కూర్చున్నాడు. ఆమే విస్తరేసి అన్నం, పప్పు వడ్డించి, పెరుగు తేవడానికి లోపలికెళ్లింది. అతను కలిపాడు. ముద్ద చేశాడు. ఆ తల్లిని పరాయి చీరలో పంపిన చేత్తో ఆ ఇంటి అన్నం నోట్లో పెట్టుకోలేకపోయాడు. ఏడుపొచ్చింది. లేచి, కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా వ్యాను తీశాడు.

వినీల పెరుగు గిన్నెతో వచ్చేసరికి వరండాలో ఎవరూ లేరు. విస్తరి అంచున ఒక్క ముద్ద, నాలుగు వేళ్ల అచ్చులతో అలాగే ఉంది.